తీసిపెట్టిన గుప్పెడు

నానమ్మ దినాలు అయిపోయాక, ఆమె పుట్టింటివాళ్ల ఆచూకీ కోసం అడవి అంచున ఉన్న మెథడిస్టు చర్చికి వెళ్లాను. "చర్చి పక్కనే మా ఇల్లు" అని నానమ్మ ఒక్కసారి నోరు జారింది. అంతకు మించి ఏనాడూ చెప్పలేదు.

చర్చి పక్కింటి వరండాలో బియ్యం చెరుగుతున్న సువార్తమ్మ అనే ముసలామెను చర్చి సంగతులు అడిగాను.

"మిషన్ దొరసానుల కాలం నుంచి గిదే పద్ధతి బిడ్డా. ఆడోళ్లం వండేముందు గుప్పెడు బియ్యం చర్చికని తీసిపెడ్తం. గా బియ్యంతోనే ఈ గోడలు లేచినయ్."

నానమ్మ కూడా రోజూ గుప్పెడు తీసిపెట్టేది. శనివారం గేటు దగ్గరికి వచ్చే బిచ్చగత్తె జోలెలో తానే పోసేది. ఆ బిచ్చగత్తె ముఖం మాలో ఎవరూ సరిగా చూడలేదు.

ఆ మాటే సువార్తమ్మతో అన్నాను. ఆమె గోడ వైపు చూసింది. మేకుకు జోలె వేలాడుతోంది. అది నానమ్మ పాత చీర గుడ్డతో కుట్టిన జోలె అని చూడగానే గుర్తుపట్టాను.

"మీ నానమ్మ మా అక్క," అంది.

నాకేమీ అనిపించలేదు. నానమ్మ పోయిందని ఈమెకెలా చెప్పాలా అని మాత్రం ఆలోచిస్తున్నాను.

"పోయిన శనివారం మీ గేటు కాడికి వచ్చిన బిడ్డా. 'ఇంట్ల మైల ఉంది, ముందుకు పో' అన్నవ్ నువ్వు. గట్లనే తెలిసింది నాకు."