నెత్తి మీద గెంతులు

ఫ్లోరెన్స్ టీచరమ్మ తన పాలిటి శని అని జగ్గారావు నమ్మకం. స్టీలు ప్లాంటులో నైట్ షిఫ్టు చేసొచ్చి సాయంత్రం దాకా పడుకునే మనిషి నెత్తి మీద, సరిగ్గా పై వాటాలో, ఆవిడ బాలే డాన్సు క్లాసు పెట్టింది. గాజువాకలో బాలే ఏమిటని ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ పని దేవుడు తనకి ఒప్పజెప్పాడనుకున్నాడు జగ్గారావు.

"మొదట్లో పియానో పాటొకటే గోల, బావా," అన్నాడు, అపార్టుమెంటు ప్రెసిడెంటు శ్రీరామ్మూర్తిని మెట్లెక్కిస్తూ. "తగ్గించమని రోజూ మా ఇంటిది జోగమ్మని తగువుకి పంపుతన్నాను. అది ఎల్లడం మొదలెట్టిన కాడ్నించీ కచ్చగట్టి దబదబా గెంతిత్తంది. స్లాబు పెచ్చులూడి నా కంచంలో పడతన్నాయి."

"మరి సెల్లెమ్మ ఏటంటాది?"

"ఏటంటాది, పాపం! గంటసేపు పోట్లాడి సెమటలు కక్కుకుంటూ దిగుతాది. అయినా ఆడోళ్ళని ఈ గెంతులకి పంపే ఇంట్లో మగోడున్నట్టా, లేనట్టా?"

శ్రీరామ్మూర్తి మనవరాలు అక్కడే నేర్చుకుంటోంది. ఆయన దగ్గి, గబగబా మెట్లెక్కాడు.

పైన తలుపు తీసే ఉంది. ఒకప్పుడు బొంబాయి స్టేజీల మీద మునివేళ్ళతో తిరిగిన ఫ్లోరెన్స్, మోకాలికి పట్టీ కట్టుకుని కుర్చీలో కూర్చుంది. గోడకి బిగించిన ఇనప గొట్టం పట్టుకుని పిల్లలు నిలబడ్డారు. గది చాలక వరస కొస తలుపు వెనక్కి పోయింది.

"టీచరమ్మా, ఈ సప్పుళ్ళు ఇయ్యాల్టితో సరి. గది ఖాళీ సేసెయ్యి."

"చప్పుడేంటి అన్నయ్యగారూ? మావాళ్ళు దిగితే చప్పుడవదు. అయిందంటే అది డాన్సు కాదు, పడిపోవడం. మళ్ళీ మొదట్నించీ చేయిస్తాను."

జగ్గారావుకి నవ్వొచ్చింది. నేల అదరకుండా డాన్సుంటుందా? అతను చూసినవన్నీ గజ్జెలు కట్టి అదరగొట్టినవే.

"అయితే పందెం! ప్రెసిడెంటు సాచ్చి. నీ క్లాసోళ్ళలో ఒక్కరి కాలు సప్పుడైనా రేపే ఖాళీ సెయ్యాలి. అవలేదనుకో, షెడ్డేసుకుంటానని అడిగినావు సూడు, పక్కనున్న మా జాగా, అది నీ క్లాసుకే రాసిచ్చెత్తాను. మాటంటే మాటే!"

ఫ్లోరెన్స్ ఓసారి తలుపు వైపు చూసింది. ఈ గది పోతే ఇంతమంది పిల్లల్ని రానిచ్చే ఇల్లు ఇంకొకటి దొరకదు. అలాగని క్లాసు మధ్యలో ఆపడం ఆమెకి చేతకాదు. చిటిక వేసింది.

పిల్లలు గాల్లోకి లేచారు. దూది రాలినట్టు దిగారు. శ్రీరామ్మూర్తి తెరిచిన నోరు మూయలేదు.

ఒక్క క్షణం ఆలస్యంగా, తలుపు వెనక నుంచి, దబ్!

"ఇన్నావా! ఇన్నావా బావా!" జగ్గారావు ఎగిరి గంతేశాడు.

శ్రీరామ్మూర్తి తలుపు లాగి చూశాడు. "బావా... సెల్లెమ్మ."

కొంగు బొడ్లో దోపుకుని, ఇనప గొట్టం పట్టుకుని, రొప్పుతూ జోగమ్మ.

గది పోయేలా ఉన్నా టీచరు టీచరే. "జోగమ్మ గారూ, ముందు వేళ్ళు, ఆ తర్వాతే మడమ. నెల్లాళ్ళుగా చెప్తున్నాను," అంది ఫ్లోరెన్స్.

"నువ్వే గెలిసినావు బావా," అన్నాడు శ్రీరామ్మూర్తి, మొహం గంభీరంగా పెట్టి. "సెల్లెమ్మ క్లాసులో మనిషే. రేపు మీటింగులో అందరికీ సెప్తాను, మీ ఇంటావిడ గెంతులకే స్లాబు ఊడతందని."

జగ్గారావుకి మీటింగు కళ్ళకి కట్టింది. మగోడున్నట్టా లేనట్టా అన్న మాట అతను ప్రతి ఫ్లోరులోనూ అనే ఉన్నాడు.

"ఛఛ! మా ఆడదానికి క్లాసేటి? తగువుకొచ్చింది. కాలు జారింది."

"అయితే క్లాసోళ్ళ సప్పుడు కాదంటావు?"

"కాదు."

"ఒట్టు?"

"ఒట్టు."

అన్నాక గాని అతనికి పందెం గుర్తు రాలేదు. వెంటనే గొంతు సవరించుకున్నాడు.

"అయినా జాగా రాసియ్యడమంటే నోటితో అయిపోతాదేటి? సొంతదారు సంతకం పడాల."

జోగమ్మ కొంగుతో చెమట తుడుచుకుంది.

"దానికేటండీ, మీ తమ్ముళ్ళు వాటా అడక్కుండా నా పేరునే కదా కొన్నారు. పెన్నిలా ఇవ్వండి, ఆ నలభై ఎనిమిది గజాలకీ నాను సంతకం ఎట్టెత్తాను."