ఇటు తిరగని మొహం

“అదుగో, ఇసక నేల అయిపోయి కొండలొచ్చాయి!” కూతురి బ్యాక్‌ప్యాక్ ఒళ్లో పెట్టుకుని, బస్సు కిటికీకి ఫోన్ ఆనించి వీడియో తీస్తూ అన్నాడు భర్త.

“అది బతికుండగా ‘ఒక్కదానివీ బస్సెక్కి ఊళ్లు తిరుగుతావా’ అని కాళ్లకు అడ్డం పడ్డారు. ఇప్పుడు దాని సంచి తగిలించుకుని, అది రాసుకున్న దారినే ఊరేగుతున్నారు. బాగుంది సంబడం!” భార్య గొంతు ముందు సీటుదాకా వినబడింది.

ఆయన పొద్దుటి నుంచీ కిటికీ వైపు తిరిగిన మొహం ఇటు తిప్పనే లేదు. కూతురు పోయిన రోజున కూడా ఆ మనిషి కంట చుక్క రాలలేదు. ఆమె అది మరిచిపోలేదు.

సముద్రం దగ్గర బస్సు ఆగాక ఫోన్ అందించాడు. “అన్నీ పడ్డాయేమో చూడు. కళ్లజోడు తేవడం మరిచాను.”

వీడియోల్లో ఇసక లేదు, కొండలు లేవు. సెల్ఫీ కెమెరా పెట్టుకున్నాడు మహానుభావుడు! ప్రతి వీడియోలోనూ ఆయన మొహమే. ఆ మొహం నిండా కన్నీళ్లు. తుడుచుకున్నకొద్దీ కారుతున్నాయి.

“బాగా వచ్చాయా?”

ఆమె ఫోన్ తన సంచిలో వేసుకుంది.

“మీ మొహంలా వచ్చాయి. తిరుగు ప్రయాణంలో నేను తీస్తాను. మీరు కాస్త ఇటు తిరిగి కూర్చోండి.”