ఇలకోళ్ళు ఆగని చెట్టు

1998 మే నెల. జంగారెడ్డిగూడెం దాటాక ఓ జీడిమామిడి తోటలో పొద్దు వాలిపోయింది. జువాలజీ లెక్చరర్ మీనాకుమారి కోసం ఇలకోడి పురుగును పట్టి తెస్తానని లోపలికెళ్లిన భర్త ఉదయ్‌భాస్కర్ గంటన్నరైనా తిరిగి రాలేదు. పిలిచి పిలిచి ఆమె గొంతు బొంగురుపోయింది.

చెట్లన్నీ ఇలకోళ్ళ రొదతో హోరెత్తుతున్నాయి. ఆమె అలికిడికి మాత్రం దగ్గరి చెట్లు టక్కున మూగబోతున్నాయి.

"మీనా, ఇటు రా. దొరికింది," పదడుగుల దూరం నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఎక్కడున్నారండీ?" ఏడుస్తూ పరుగెత్తబోయి ఆగిపోయింది.

గొంతు వచ్చిన చెట్టు మీద ఇలకోళ్ళు అరుస్తూనే ఉన్నాయి. మనిషి నిలబడ్డ చోట అవి అలా అరవవని ఆమెకు తెలుసు.

"రా మీనా."

ఆయన జాడంటూ మిగిలింది ఆ గొంతొక్కటే. ఆమె కళ్ళు తుడుచుకుని అటే నడిచింది.