నదిని నేను చూస్తాను

"అవ్వా, పైకి కాదు! వెనక్కి పో, ఆడవాళ్ల వైపు."

పడవ పైకప్పుకు వేసిన నిచ్చెన మీద నుంచి ముసలమ్మ చేయి తీసేసింది.

కేకేసింది ఊరి పెద్ద ఊ టిన్ మౌంగ్. పైకప్పు మీద చీవరాల మూట ఉంది. వానలు వెళ్లగానే ఆశ్రమంలోని పెద్ద భిక్షువుకు ఊరంతా కలిసి ఇచ్చే కాషాయ వస్త్రాలవి. వాటి పక్కన, అదీ మగవాళ్ల నెత్తిమీద, ఆడది కాలు పెడితే ఇంకేమన్నా ఉందా?

"గాలి తగులుతుందని, నాయనా."

"ఏ ఊరు నీది?"

"ఇసుకదిబ్బ మీది గుడిసెలు."

"మరి ఎక్కింది ఎవరి పడవో తెలుసా? ఐరావతి పొడుగునా మా ధ్యానమందిరానిదే పేరు. మా ఊళ్లో పుట్టిన బిడ్డ ముందు ఊపిరి చూసుకుని, తర్వాత ఏడుస్తుంది!"

పడవంతా నవ్వింది. ముసలమ్మా నవ్వింది.

"అదృష్టవంతులు. నా కొడుకు ముందే ఏడ్చాడు."

నడి ఏట్లో గాలి లేచింది.

పడవ ఒక పక్కకు ఒరిగింది. అందరూ ఒక్క కేకతో రెండో పక్కకు దూకారు. పడవ అటు తూలింది. మళ్లీ ఇటు దూకారు.

"కదలకండిరా! గాలి కాదు, మీరే ముంచేస్తున్నారు!"

సరంగు కో ఠే అరుపు ఎవరి చెవికీ ఎక్కలేదు. అందరికంటే ముందు పరుగెత్తుతున్నది ఊ టిన్ మౌంగే.

"కూర్చోండి! ఎక్కడివాళ్లు అక్కడే!"

తలలెత్తారు. పైకప్పు అంచున ముసలమ్మ, లుంగీ బిగించి కట్టుకుని.

"ముక్కు కింద వేలు పెట్టుకోండి. గాలి తగులుతోందా?"

"తగులుతోంది," ఎవరో ఏడుస్తూనే అన్నారు.

"అయితే బతికే ఉన్నారు. వస్తోందా, పోతోందా, అంతవరకే చూసుకోండి. నదిని నేను చూస్తాను."

ఒకరు కూర్చున్నారు. ఆ పక్కవాళ్లు కూర్చున్నారు. ఊ టిన్ మౌంగూ చతికిలబడి వేలు పెట్టుకున్నాడు.

పడవ నిలదొక్కుకుంది. అల వచ్చే వైపు ఆమె పైనుంచి చేయి చూపింది. కో ఠే అటు తిప్పాడు.

ఆశ్రమం రేవు ఇంకా ముందుండగానే, దగ్గరి ఒడ్డు తగలగానే ఊ టిన్ మౌంగ్‌కు గొంతు తిరిగొచ్చింది.

"మా నెత్తికెక్కుతావా? చీవరాల పక్కన కాళ్లు పెడతావా?"

"తప్పే, నాయనా."

"ఇక్కడే దిగు. ఆశ్రమానికి మాతో రావద్దు."

"పెద్దయ్యా, ఆవిడే లేకపోతే..." కో ఠే నసిగాడు.

"నువ్వు చుక్కాని చూసుకో!"

"దర్శనం చేసుకుని పోతాను నాయనా. చూసి ఏడాదైంది."

"వచ్చే ఏడు చూసుకో."

ముసలమ్మ కాసేపు కళ్లు మూసుకుంది. ఊపిరి తీసి, వదిలింది. చీవరాలకు దణ్ణం పెట్టి ఇసుకలోకి దిగింది.

"మూట తడవలేదులే," అని వెనుదిరిగింది.

ఆశ్రమంలో పెద్ద భిక్షువు ముందు చీవరాలు పెట్టి, ఊ టిన్ మౌంగ్ ఛాతీ విరుచుకున్నాడు.

"దారిలో గాలివాన, స్వామీ! మా ఊరివాళ్లు ఒక్కరు బెదిరితే ఒట్టు. ముక్కు కింద వేలు పెట్టుకుని, వచ్చే ఊపిరి, పోయే ఊపిరి చూసుకుంటూ కూర్చున్నాం."

"ముక్కు కింద వేలా? అది నేను మీకు నేర్పలేదే!"

కో ఠే తల దించుకున్నాడు.

భిక్షువు మొహం వెలిగింది. ఆయన లేచి గుమ్మం వైపు చూశారు.

"గర్వం వదలమని మీకు చెప్పేవాణ్ణే. ఈ ఒక్క గర్వం మాత్రం నన్ను వదలదు. చిన్నప్పుడు నేను భయంతో ఏడ్చినప్పుడల్లా అలా వేలు పెట్టించింది మా అమ్మ. ఈ రోజు మీ పడవలోనే వస్తానని కబురంపింది. ఏదీ, ఎక్కడ కూర్చోబెట్టారు?"