నడుము నొప్పి మొక్కు

అక్టోబరు 2, విజయదశమి. బట్టలు ఉతికాను, పులిహోర కలిపాను. నిన్న పూజలో పెట్టిన ఆయుధాలకు మాత్రం పొద్దున ఉద్వాసన చెప్పలేదు. చెబితే ఆయన తనది తీసేసుకుంటారని.

తను నడిపే ట్యాక్సీలో ఒకడు ఎక్కి కత్తి చూపించినప్పటి నుంచి మా ఆయన కుడిచెయ్యి నడుము మీదే ఉంటోంది. నొప్పేమో అనుకుని, తగ్గితే అమ్మవారికి చీర పెడతానని మొక్కుకున్నాను.

నిన్న ఆయుధపూజలో నా కత్తిపీట పక్కన ఆయన కారు తాళాలు పెట్టారు. తర్వాత చొక్కా ఎత్తి, నడుముకు దోపుకున్న పాత మిలటరీ పిస్తోలు తీసి పెట్టారు.

"చీప్‌గా వచ్చింది, సువర్చలా. సేఫ్టీకి."

"ఈ దేశంలో పట్టుకుంటే జైలండీ!"

"ముందు కుంకుమ పెట్టు."

ఇవాళ ఉండబట్టలేక పోలీసులకు ఫోన్ చేశాను. తెచ్చి అప్పగిస్తే కేసుండదు, పేరు కూడా అడగం అన్నారు. భయపడుతూనే ఆయనకు చెప్పాను. పిస్తోలులో తూటాలు తీసేసి, నన్నూ కారెక్కించుకున్నారు.

అప్పగించి వస్తుంటే అడిగాను. "దాచుకుంటే నాకు తెలిసేదే కాదుగా, పూజలో ఎందుకు పెట్టారు?"

"నా అంతట నేను వదల్లేకపోయాను. అక్కడ పెడితే నువ్వు మళ్లీ నా చేతికివ్వవని."

బ్లాక్‌టౌన్ పోలీస్ స్టేషన్ నుంచి ఇంటిదాకా ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

అమ్మవారికి చీర పెట్టాను. మొక్కు తీరింది.