బొడ్డెమ్మ లోపలి మట్టి

"దేవతమీద నీళ్లు గుమ్మరిస్తవా? చేతులు ఇరగ్గొడ్త!" సారక్క మనవరాలి చేతిలోని మగ్గు గుంజుకుంది.

పీటమీద కోడలు మంగ మెట్లుమెట్లుగా మెత్తిన మట్టి బొడ్డెమ్మ సగం కరిగిపోయింది. ఎర్రనీళ్లు సూరత్ అమ్రోలిలోని ఆ ఒంటిగదంతా పారుతున్నాయి.

"కొండలు ఎట్ల అరుగుతయో ఇంట్ల చేసి చూడమని మేడం చెప్పింది, బాపమ్మా," రుచిత వెక్కుతూ అంది. "మన బిల్డింగుల మట్టి ఇంకేడుంటది? పైమట్టి కొట్టుకపోతే లోపలిది బయటపడ్తదట. చూడు, నల్లగుంది!"

మంగ గబుక్కున వచ్చి ఆ నలుపుకు చేయి అడ్డం పెట్టబోయింది. బొడ్డెమ్మను సొంతూరి ఎర్రమట్టితోనే చేయాలని అత్త పంతం.

సారక్క వంగి ఆ నలుపును వేలితో గీరింది. "గిది మనూరి మట్టేనా, మంగా?"

"ఊరికెల్లి డబ్బెడే అస్తది, అత్తమ్మా. అది పైపూతకే సరిపోతది. లోపలంత ఈడి తాపీ నది ఒడ్డు మట్టే."

"ఎన్నేండ్ల సంది?"

"నేను కాపురానికి అచ్చినకాన్నుంచి."

సారక్క మొహం జేవురించింది. "అంటే నా కొడుకు పచ్చకామెర్ల నుంచి లేసింది, గీ పిల్ల పుట్టింది... నా మొక్కులన్ని ఇన్నది గీ సూరత్ మట్టేనా? పొద్దున లేస్తే దీన్ని పాడుమట్టని తిట్టుకుంట బతికితి గదే! ఒక్కమాటన్న చెప్పకపోతివి!"

విసురుగా కొంగు దోపుకుని, కరిగిన నల్లమట్టిని దగ్గరికి లాగి మళ్లీ మెత్తసాగింది. మంగ భయంభయంగా ఎర్రమట్టి డబ్బా అందించబోయింది.

"అది ముట్టినవో, చూడు!" సారక్క కసిరింది. "మొక్కు తీర్చిన తల్లికి ఇంక ముసుగెందుకే?"