ముప్పై బారల దారి

"పనసచెట్టు కాడే కలపాల," అన్నాడు సోంబరు.

"ఏం, మా ఊట కాడ కలిపితే ఏటి పోద్ది?" అన్నాడు వరహాలు.

కొండకి తూర్పున సోంబరు ఊరు, పడమట వరహాలు ఊరు. రెండూళ్లవాళ్లూ గునపాలు పట్టి చెరోవైపు నుంచీ దారి తవ్వుకొచ్చారు. ఇక మిగిలింది ముప్పై బారలు. రేపు మధ్యాహ్నం కాఫీ గింజలు కొనేవాళ్ల బండి వస్తుంది. అది ఒకవైపు ఎక్కి రెండోవైపు దిగాలి. కొండమీద వెనక్కి తిప్పుకునే చోటు లేదు. దారి కలవకపోతే బండి రాదు, బస్తాలు మళ్లీ నెత్తిమీదే.

ఆ ముప్పై బారల నడుమ, పైన సోంబరు ఊరివాళ్ల పనసచెట్టు. బాగా కిందకి వరహాలు వాళ్ల ఊట. దారి కలిసిన చోటే బండి ఆగుతుంది, దుకాణం వెలుస్తుంది.

"మీకు సెల్ టవర్ వచ్చింది. బండి కూడా మీకాడే ఆగాలా? మేం చూసి ఏడవాలా, బావా?" అన్నాడు సోంబరు.

"మీకు బడి వచ్చినప్పుడు మేం ఏడిశామేటి?"

"ఏడిశారు. నాను చూశాను."

పాస్టరు దైవాధీనం ఇద్దరి మధ్యా కూర్చుని అంతా విన్నాడు. పొద్దు వాలుతుంటే లేచాడు. "నేను తీర్పు చెప్పను. తగ్గినవాడిని దేవుడు చూస్తాడు. ఆదివారం ఆ ఊరి పేరు చెప్పి అందరిచేతా ప్రార్థన చేయిస్తాను."

ఇంటికొచ్చిన సోంబరుకి అంబలి సయించలేదు.

"వరహాలు తగ్గుతాడు, చూడు," అన్నాడు భార్యతో.

"తగ్గితే మంచిదే కదా," అంది సోములమ్మ.

"ఏటి మంచిది? రెండూళ్ల ముందూ వాడి పేరే. టవరూ వాడిదే, దీవెనా వాడిదేనా?"

దేవుడి దీవెన మీద కూడా ఈర్ష్య పడొచ్చా అని సోములమ్మకి సందేహం వచ్చింది.

తెల్లవారగానే సోంబరు ఊరందరినీ వెంటబెట్టుకు వెళ్లి కిందకి, ఊట వైపు తవ్వించాడు. చాచిన చెయ్యి కనబడనంత మంచు. అవతల గునపాల చప్పుడు వినబడేసరికి, "బేగి, బేగి," అని తనూ పార పట్టాడు.

పది గంటలకి ఊట చేరారు. మంచు విడింది. అక్కడ ఎవరూ లేరు.

సోంబరు తలెత్తాడు. తాడిచెట్టంత ఎత్తున, పనసచెట్టు కింద, తన ఊరి జనంతో వరహాలు నిలబడి ఉన్నాడు. వాళ్ల వెనక కొత్తగా తవ్విన దారి.

"ముందు తగ్గింది నానే, బావా," అన్నాడు వరహాలు.